అమ్మ రాసిన నోటుబుక్కు

నెల రోజులుగా మా ఆవిడ వేలూరు ఆసుపత్రిలో ఉంది. ఆ రోజు గుడియాత్తంలో తెలిసినవాళ్లింట్లో బట్టలు ఉతుక్కుని, సగం ఆరినవే సంచిలో కుక్కుకుని, బస్సులో వేలూరుకు తిరిగి వస్తున్నాను. మా ఊరి పాస్టరుగారు ఫోన్ చేశారు. "ప్రార్థన మానకండి" అన్నారు. "మానలేదండీ" అన్నాను. మానేసి అప్పటికి పది రోజులైంది. దేవుడు పక్కనే ఉంటాడన్న మాట వినే ఓపిక కూడా లేదు నాకు.

"తెలుగోళ్లా నాయనా?" అంది పక్క సీట్లో పెద్దావిడ. మగ్గం నేసే ఇంటి మనిషి. ఒళ్లో లుంగీల మూట ఉంది. అందులోంచి ఒక పాత నోటుబుక్కు తీసింది. "మాయమ్మ రాసిన ప్రార్థనలప్పా. నేను చదివింది అరవ బడి. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అక్షరం రాదు. ఒక పేజీ చదివి పెట్టు."

విసుగొచ్చినా కాదనలేకపోయాను. మాసిపోయిన పెన్సిలు అక్షరాలు. మందుల చీటీ చదివినట్టు చదువుకుంటూ పోయాను. "ప్రభువా, నిన్న నువ్వు రాలేదు. ఈ పొద్దు కూడా తలుపు తీసే పెట్టినాను" అన్న చోట చదవడం ఆపేశాను.

మిగిలిన పేజీ ఆమే చెప్పింది, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఒక్క మాట తడుముకోకుండా.

"అంతా కంఠతా వచ్చు కదమ్మా! మరి నాచేత ఎందుకు చదివించారు?"

ఆమె నోటుబుక్కును మళ్లీ మూటలో దోపుకుంది.

"ఫోన్లో 'మానలేదండీ' అంటివే నాయనా, ఆ గొంతు విన్నాలే."