కొసరుగా వచ్చిన మౌత్‌పీస్

బేరంలో నన్ను మించినవాణ్ణి నేనింకా చూడలేదు. పేషెంటు నోట్లో పెట్టే వస్తువుకు కూడా కొసరు అడిగి ఇప్పించుకున్నవాడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్లలో కలిపి నేనొక్కణ్ణే. పది కొన్నాను, పదకొండోది ఊరికే తెచ్చుకున్నాను. ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

వనపర్తిలో మా నాయనది గాజులు, రిబ్బన్లు, లంగా నాడాల దుకాణం. డజను గాజులు కొన్న ఆడమనిషి పదమూడోది అడగకుండా మెట్టు దిగితే, ఏం కోపమొచ్చిందోనని ఆయనకు దిగులు పట్టుకునేది. ఆ పదమూడో గాజు కోసం ఒక డబ్బా వేరుగా ఉండేది. రంగు కొంచెం తేడా వచ్చినవి, మెరుపు పోయినవి అందులో వేసేవాడు. అయితే ఇచ్చే ముందు ప్రతి గాజునూ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. మోగకపోతే పగులున్నట్టు. దాన్ని వీధిలోకి విసిరేసేవాడు. కొసరు డబ్బాలో ఏముంటుందో నాకు ఆరేళ్లప్పుడే తెలుసు. తెలిసే ఈ పని చేశాను.

పెద్దయ్యాక నేను అదే ఊళ్లో సర్జికల్ సామాన్ల దుకాణం పెట్టుకున్నాను. దూది, సిరంజీలు, సెలైన్ స్టాండ్లు అమ్మేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు నాగర్‌కర్నూలులో ఒక డాక్టరుకు హైదరాబాదు నుంచి పాత ఎండోస్కోపు ఇప్పించాను. నోట్లోంచి కడుపులోకి దించి చూసే నల్లటి గొట్టం అది. ధర విని ఆయన వెనక్కి తగ్గుతుంటే, "సంవత్సరం లోపల దానికేమైనా ఖర్చు నాది సార్" అని నోరు జారాను. బేరం కుదిరింది. నా పీకలమీదికీ వచ్చింది.

గొట్టం దించేటప్పుడు పేషెంటు కొరకకుండా పళ్ల మధ్య ఒక మౌత్‌పీస్ పెడతారు. నడుమ బెజ్జం ఉన్న ప్లాస్టిక్ ముక్క. కంపెనీవాళ్లు దాన్ని నోటి నిండా పళ్లున్నవాళ్ల కోసం చేశారు. మా వైపు ముసలివాళ్లు సగం పళ్లు ఊడాక గాని దవాఖాన గడప తొక్కరు. వట్టి చిగుళ్ల మీద ఆ ముక్క నిలవదు. ఓకరింత రాగానే నాలుకతో నెట్టి ఉమ్మేస్తారు. అప్పుడు మిగిలిన ఒకటి రెండు పళ్లు సరిగ్గా గొట్టం మీద పడతాయి.

డాక్టరు వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు.

"సేటూ, ఇయాల ఇంకొకాయన ఉమ్మిండు. జరంతల నీ గొట్టం బతికింది."

"నా గొట్టమేంది సార్, మీదే కద."

"సంవత్సరం దాక నీదే. నువ్వే అన్నవు."

ఒక శనివారం వసూళ్ల కోసం గద్వాల పోతుంటే పెబ్బేరు సంత పశువుల మధ్య బస్సు చిక్కుకుంది. కిటికీలోంచి చూస్తే ఒకాయన ఎద్దుకు మందు పోస్తున్నాడు. దాని నోట్లో అడ్డంగా ఒక కట్టె, ఆ కట్టె రెండు కొసలకూ తాడు, తాడు ముడి కొమ్ముల వెనక. ఎద్దు తల ఎంత విదిలించినా కట్టె కదల్లేదు. నాకు జ్ఞానోదయమైందని చెప్పను. ఇట్లాంటిది మనిషికి చేస్తే నా జేబు బతుకుతుందనిపించింది, అంతే.

గద్వాలలో మోటారు పంపుల ఇరుసులకు తొడిగే బుష్షులు చేసే లేతు మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. తెల్ల నైలాన్ కడ్డీని వెన్నలా చెక్కుతాడు. నేను బీడీ కట్ట కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. మొదటిసారి చేసింది నా నోట్లోనే పెట్టుకుని చూశాను. దవడలు పట్టేసి అది బయటికి రాలేదు. మాట కూడా రాలేదు. మేస్త్రీ నన్ను తేరిపార చూశాడు.

"గిట్లనే ఉండు సేటూ. ఇప్పుడు రేటు మాట్లాడుకుందం."

తరువాత ఆరుసార్లు తిరిగాను. ఒకదాని అంచు చెంపను గీరుతుందని డాక్టరు తిప్పి పంపాడు. ఇంకొకటి క్రిమిసంహారక మందులో ఒక రోజు నానబెడితే పెళుసు బారింది. చిగుళ్లకు మెత్తగా ఉండాలని రబ్బరు తొడుగు వేసి తీసుకెళ్లాను. తల వెనక పట్టీకి నాయన దుకాణంలోంచి ఎలాస్టిక్ కూడా తెచ్చి ముడి వేశాను. అదీ నచ్చలేదు.

"వాంతి వస్తే ముడి ఎవరిప్పుతరు సేటూ? ఒక్క గుంజుడుకు ఊడిరావాలె. లేకుంటే ఊపిరిల పోతది, మనిషి పోతడు."

ముడి తీసేసి, లాగితే ఊడే గుండీ పెట్టాను. ఎంగిలి బయటికి లాగే గొట్టానికి పక్కన ఇంకో చిన్న బెజ్జం పెట్టించాను. ప్రతి మార్పుకూ మేస్త్రీ పది రూపాయలు పెంచేవాడు, నేను ఐదు తగ్గించేవాణ్ణి. చివరకు డాక్టరు తలూపాడు. ముసలివాళ్ల మీద వాడితే నలుగురిలో నలుగురి నోట్లోనూ నిలిచింది. పది చేయించమన్నాడు.

ఒక్కొక్కటి ఎనభైకి తెగింది. మేస్త్రీకి కోపమొస్తే కన్నడంలోకి దిగుతాడు.

"సాకు సేటూ, సాకు. ఇంక నా తాన ఏం లేదు."

"చాలంటే ఎట్ల మేస్త్రీ? పది తీసుకున్న. కొసరేది?"

ఆయన నా ముఖంకేసి చూసి, లోపలికి పోయి, గంట తరువాత పదకొండోది తెచ్చాడు. దానికి ఎర్రదారం కట్టి ఉంది.

"ఇది చూపెట్టనీకె సేటూ. పాత బుష్షు ముక్కతోని చేసిన. నోట్ల పెట్టకు."

కొసరు ఇచ్చేటప్పుడు ఏ దుకాణదారైనా దాన్ని తక్కువ చేసే మాట్లాడతాడని నా లెక్క. బస్సెక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతుండగా ఆ దారం పళ్లతో తెంపి బయటికి వదిలాను. పదకొండూ ఒకే తీరుగా కనబడాలి కదా. నాగర్‌కర్నూలులో డాక్టరు ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది జర పసుపున్నదేంది?"

"రంగే తేడా సార్. బలం ఒకటే."

ఆ నెలలోనే పెద్దమందడి నుంచి ఒక అవ్వ మా దుకాణానికి వచ్చింది. నలభై ఏళ్లుగా మా నాయన దగ్గర గాజులు వేయించుకున్న మనిషి. నెల రోజులుగా అన్నం ముద్ద దిగడం లేదు, గంజితో నెట్టుకొస్తోంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నా మిషన్ ఉందిగదా అని గొప్పగా చెప్పి, అవ్వనూ కూతురినీ నేనే నాగర్‌కర్నూలు తీసుకుపోయాను. అవ్వ నోట్లో రెండే పళ్లు, ఒకటి పైన, ఒకటి కింద.

డాక్టరు గొంతులో మందు కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, డబ్బాలోంచి ఒక మౌత్‌పీస్ తీసి పెట్టి పట్టీ బిగించాడు. గొట్టం జానెడు దిగిందో లేదో టక్కుమని చప్పుడైంది. ఆయన ఒక్క గుంజుతో పట్టీ ఊడదీసి గొట్టం బయటికి లాగాడు. పసుపుది రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. రెండూ కలిపి చూస్తే మధ్యలో గోరంత ముక్క లేదు. అది ఊపిరిగొట్టంలోకి పోయిందేమోనని డాక్టరు వేలు పెట్టి నోరంతా వెతికాడు.

అవ్వ ఆయన చెయ్యి తోసేసింది. మొద్దుబారిన నాలుకతో ఎడమ చెంపలోంచి, రోజూ పొగాకు దాచుకునే చోటి నుంచి, ఆ ముక్కను బయటికి నెట్టింది.

"ఇదేనా? పారేస్తరేమొనని పట్టిపెట్టిన."

డాక్టరు మూడు ముక్కలూ బల్ల మీద అతికి చూసుకుని, గొట్టాన్ని బకెట్ నీళ్లలో ముంచి గాలి కొట్టాడు. పంటి గాటు దగ్గర సైకిల్ ట్యూబు పంక్చరులా బుడగలొచ్చాయి. నీళ్లు లోపలికి దిగితే మిషన్ పోయినట్టే. ఇంక అవ్వకు అక్కడ పరీక్ష లేదు.

"ఇదెక్కడిది సేటూ?"

అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. అవ్వ నావైపే చూస్తోంది.

"కొసరుది సార్. పెట్టొద్దన్నడు మేస్త్రీ. నేనే దారం తెంపిన."

డాక్టరు చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. అవ్వ నాతో అంది.

"మీ నాయన నాకు ఎన్నడు పలిగిన గాజు ఇయ్యలే, బిడ్డా."

గొట్టం రిపేరుకు పోయింది. అవ్వను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోతే పరీక్షకు తారీఖు ఇచ్చారు, పంతొమ్మిది రోజుల తరువాతిది. నేను చీటీ ఇచ్చే గుమస్తాతో బేరమాడాను. ఒక్క రోజు కూడా తగ్గించలేదు. ఆ తారీఖున పరీక్ష చేస్తే, ఎప్పటిదో పుండు మానిన చోట అన్నం గొట్టం ఇరుకైందని తేలింది. దాన్ని వెడల్పు చేశారు. మూడో రోజు అవ్వ పప్పన్నం తిని, ఉప్పు తక్కువైందని కూతురిని తిట్టింది.

గద్వాల పోయి మేస్త్రీకి అంతా చెప్పాను. దారమేదని అడిగాడు. కృష్ణలో ఉందన్నాను. ఆ రోజు నుంచి చేసే ప్రతి ముక్కనూ వైసు పట్టకర్రలో బిగించి చూసి, నిలిచినదాని మీదే నంబరు చెక్కాలని చెప్పాను. ముక్కకు నూట ఇరవై అన్నాడు. సరేనన్నాను.

"పానం బాగలేదా సేటూ?" అన్నాడు నిజంగానే కంగారుపడి.

లెక్క ఇది. గొట్టం రిపేరు ముప్పై రెండు వేలు. హైదరాబాదులో అవ్వకు పరీక్ష, మందులు నాలుగు వేల రెండు వందలు. బస్సులు, చాయ్‌లు ఆరు వందల నలభై. కూతురు పోగొట్టుకున్న ఆరు రోజుల కూలి మూడు వందల అరవై, మొదట వద్దంది, తరువాత తీసుకుంది. మొత్తం ముప్పై ఏడు వేల రెండు వందలు. పదకొండోది ఊరికే తెచ్చినందుకు మిగిలిన ఎనభై ఇందులోంచి తీసేయాలి. నికరం ముప్పై ఏడు వేల నూట ఇరవై. అవ్వ గంజి మీద గడిపిన ఆ పంతొమ్మిది రోజులు ఇందులో కలపలేదు.