మేస్త్రి చూపించిన గొయ్యి

కరెంటు సంస్థ వాళ్ల పాత రిపేరు షెడ్డు స్థలాన్ని ముప్పై ఏళ్ల లీజుకు ఇచ్చేస్తున్నారనీ, అక్కడ పెద్ద షాపింగ్ భవనం లేస్తుందనీ వీధిలో అందరికీ తెలుసు. ఆ షెడ్డులో ఇరవై ఆరేళ్లు ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి, కాలిన తీగ తీసి, కొత్తది చుట్టిన మనిషిని అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. రిటైరైనా ఆ పిలుపు పోలేదు. ప్రహరీ గోడకు ఇవతలే ఆయన ఇల్లు. మాట తక్కువ, చెవుడు కొంచెం. ఆయన్ని నవ్వించడం భార్య ఒక్కదానికే చేతనయ్యేది.

భవనం కట్టే ముందు పర్యావరణ నివేదిక కావాలి. దాని ముసాయిదాను జనం చూడటానికి వార్డు ఆఫీసులో పెట్టారు. ఏదో సంతకం కోసం వెళ్లిన మేస్త్రి వరుసలో నిలబడే దాన్ని తిరగేశాడు. పదకొండో పేజీలో ఆయన వేలు ఆగిపోయింది. ‘ఈ స్థలాన్ని గతంలో సామాను నిల్వకు మాత్రమే వాడారు. మట్టిలో కాలుష్యానికి ఆస్కారం లేదు.’

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద నోట పెట్టలేదు.

“ఏమైందండీ? ఎవరైనా ఏమన్నా అన్నారా?” అంది భార్య.

“ఎవరూ అన్లేదు. అక్కడ గొయ్యి ఉంది కదా.”

ఆవిడకు తెలుసు. పాడైన ట్రాన్స్‌ఫార్మర్ నూనెను డ్రమ్ముల్లో నింపి పంపాలని రూలు. వాటిని తీసుకెళ్లే లారీ రావడం ఎప్పుడో మానేసింది. “వెనక గోతిలో పోసెయ్యవోయ్” అన్నాడు అప్పటి ఇంజనీరు. మేస్త్రి పోశాడు, వారానికి రెండుసార్లు, ఏళ్ల తరబడి. తర్వాత గొయ్యి పూడ్చేశారు. ఇంజనీరు పోయాడు, తోటి పనివాళ్లు తలో దిక్కూ అయిపోయారు. సంగతి తెలిసినవాడు ఈయనొక్కడే మిగిలాడు.

“పోసింది మీరేనని మీరే వెళ్లి చెప్పుకుంటారా? తలకు చుట్టుకుంటుందేమో.”

“చుట్టుకోనీ. గోడకు అటు నూనె, ఇటు మన పంపులు. వీధి వీధంతా ఆ నీళ్లే తాగుతోంది.”

ఆవిడ లేచి బీరువా తెరిచింది. ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది.

నివేదిక రాస్తున్న ఆఫీసరమ్మ చిన్న వయసుదే, కానీ పెద్దాయన మాట పూర్తయ్యేదాకా విన్నది. మర్నాడే మట్టి తొలిచే యంత్రంతో వచ్చింది. నేలంతా చదును చేసేసి ఉంది. మేస్త్రి చూపించిన చోట మొదటి బోరులో ఉత్త ఎర్రమట్టే వచ్చింది. లీజుదారు తరఫు మేనేజరు గొడుగు కింద నిలబడి, “పెద్దాయనా, మీకు సరిగ్గా గుర్తున్నట్టు లేదు. ఇక వదిలేయండి” అన్నాడు.

మేస్త్రి చుట్టూ చూశాడు. ట్రాన్స్‌ఫార్మర్లు ఎత్తే పాత క్రేను స్తంభం పునాది ఇంకా కనబడుతోంది. అక్కణ్ణుంచి గోతిలోకి వేసిన నూనె గొట్టం పొడవు పన్నెండు బారలు. పునాది దగ్గర మొదలెట్టి చేతులు చాచి కొలుచుకుంటూ వెళ్లి, ఒకచోట మడమతో గీత గీశాడు. అక్కడ యంత్రం దింపితే కాలిన నూనె వాసనతో నల్లటి జిగురు మట్టి పైకొచ్చింది. ఆ వాసనకే ఒకప్పుడు ఆయన బట్టల్ని భార్య విడిగా నానబెట్టేది.

“ఎవరు పోసేవారో రాయాలి మేస్త్రి గారూ,” అంది ఆఫీసరమ్మ మెల్లగా. “సిబ్బంది అని రాసెయ్యనా?”

“నేనే అని రాయమ్మా. పొయ్యమన్నవాడు పోయాడు. ఆయన మీదకి నెట్టేస్తే ఏం బాగుంటుంది.”

నెల తర్వాత వీధిలోని నీళ్లు పరీక్షించి, ఐదు చేతిపంపులకు ఎర్ర రంగు పూసి, ఎవరూ కొట్టకుండా బిగించేశారు. అందులో ఒకటి పక్కింటి దర్జీ ఆవిడది. మేస్త్రి ఆవిణ్ణి చెల్లెమ్మా అనేవాడు. ఆవిడ భర్త నాలుగేళ్ల కిందట కాలేయం పాడై చనిపోయాడు. నీళ్ల వల్లే అని చెప్పగలిగినవాళ్లు లేరు, కాదని చెప్పగలిగినవాళ్లూ లేరు.

“ఇన్నేళ్లూ మా పంపు దగ్గరే నిలబడి కబుర్లు చెప్పావు కదా అన్నయ్యా,” అంది ఆవిడ, మిషను మీంచి తలెత్తకుండా. “ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?”

మేస్త్రికి ఎప్పుడూ తట్టలేదు. నిజం అదే. నేలలో పోసింది నేలలోనే ఉంటుందనుకున్నాడు. ఆ మాట ఆవిడ ముందు ఎలా అనాలో తెలియక గుమ్మం దిగి వచ్చేశాడు.

వానలు తగ్గుముఖం పట్టాక ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. “నేను ఆ మట్టంతా తవ్వి తీసేయమనే రాశానండీ. కదిలిస్తే ఇంకా పాకుతుంది, పైన కాంక్రీటు కప్పేస్తే చాలని పైవాళ్లు తేల్చేశారు. అనుమతి ఇచ్చేశారు.” మేస్త్రి సరిగా వినబడక రెండోసారి చెప్పించుకున్నాడు. రెండోసారీ మాట అదే.

భవనం లేచింది. గొయ్యి ఉన్న మూల కార్లు నిలుపుతున్నారు. వీధి చివరికి రోజు మార్చి రోజు నీళ్ల ట్యాంకరు వస్తుంది. చెల్లెమ్మ గుమ్మంలో పెట్టిన బిందెల్ని మేస్త్రి తీసుకెళ్లి నింపి, తిరిగి అక్కడే పెడతాడు. ఆవిడ తెమ్మనదు, వద్దనదు. మేస్త్రి భార్యతో మళ్లీ నాలుగు మాటలు కలిపింది. ఆయనతో మాత్రం ఇంతవరకూ మాట్లాడలేదు.