పరగడుపు పరీక్ష

మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరై పాకాలలో ఉండేవాడు. ఆయనకు సుగర్. ఇంట్లోనే రక్తం చూసుకునే మిషన్లు మందుల షాపుల్లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో తిరుపతిలో ఒకటి కొనుక్కొచ్చాను. నేను టీచర్ని, అమ్మానాయనలతోనే ఉండేదాన్ని. రోజూ బడికి బయల్దేరే ముందు, ఆయన ఇంకా ఏమీ తినకముందే, వేలు పొడిచి చూసేదాన్ని. నూటపది, నూట ఇరవై. ఎప్పుడూ అంతే. నోటుబుక్కులో రాసి, మాత్ర చేతిలో పెట్టి, నిశ్చింతగా బస్సెక్కేదాన్ని.

ఒక ఎండాకాలం చెప్పు ఒరుసుకుని ఆయన కుడికాలి బొటనవేలు పుండైంది. నొప్పి లేదనేవాడు. నెలైనా మానలేదు, నల్లబడింది. తిరుపతిలో డాక్టరమ్మ నా నోటుబుక్కు చూసి, ఇది చాలదని, మూడు నెలల సుగర్ తెలిపే రక్తపరీక్ష రాసింది. ఏడు లోపు ఉండాల్సింది, తొమ్మిది దాటింది.

ఆస్పత్రి వరండాలో, పదిమందిలో, నాయన మీద విరుచుకుపడ్డాను.

“నాకు తెలీకుండా యాడ తింటాండావు? మిఠాయి అంగడికి పోతాండావా?”

“నీమీదొట్టు పాపా, నేనేం తిన్లేదు. మీయమ్మ పెట్టిన సంగటే గదా తింటాండా.”

నేను నమ్మలేదు. ఇంటికొచ్చినా ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి రోజు డాక్టరమ్మ, నాయన అన్నం తిన్న రెండు గంటలకు రక్తం తీయించింది. మూడువందల పైనే.

“నీ మిషన్ అబద్ధం చెప్పలేదమ్మా. అది ఆ ఒక్క నిమిషం సంగతే చెప్తుంది. నిన్నటి పరీక్ష మూడు నెల్ల పగలూ రాత్రీ అంతా కలిపి చెప్తుంది. తిన్నాక ఒక్కసారన్నా చూసినావా?”

చూడలేదు. రాగి సంగటి సుగర్‌కు మంచిదని పూటకు రెండు ముద్దలు పెట్టించింది కూడా నేనే.

ముందు వేలు తీశారు. చీము పైకి పాకి, పది రోజులకు మోకాలి కింద దాకా తీయాల్సి వచ్చింది. మత్తు దిగాక ఆయన చెయ్యి పట్టుకుని, “ఉత్తపుణ్యానికి నిన్ను అన్న్యాయంగా తిట్టినాను నాయనా” అన్నాను.

“పోనీలే. నువ్వు మాత్రం ఏం సేస్తావు” అని కళ్లు మూసుకున్నాడు.

ఇన్సులిన్ మొదలుపెట్టాం. తిన్నాక కూడా చూశాను, సంగటి సగానికి తగ్గించాను. మళ్లీ మూడు నెలల పరీక్షలో ఏడు లోపలికొచ్చింది. ఆ కాగితం చూపిస్తే నాయన దాన్ని తీసుకోలేదు. తెగిన కాలి మీదికి టవలు లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఇల్లు దాటి బయటికి రాలేదు.