జనవరిలో మొద్దులు

హార్‌బెక్ రగ్బీ జట్టులో జనవరి అంటే అందరూ మొద్దులైపోయే నెల. పోటీలు మొదలయ్యే ముందు ప్రతి ఆటగాడికీ తల పరీక్ష ఉంటుంది. డాక్టర్ పది మాటలు చదివి, కాసేపాగి వాటిని తిరిగి చెప్పమంటుంది. ఏడాదిలో ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి, జనవరిలో వచ్చినదానితో పోల్చి చూస్తారు. అంతకంటే తగ్గితే మైదానంలోకి దిగనివ్వరు. అందుకని జనవరిలోనే కావాలని తక్కువ చెప్పడం మావాళ్లకు అలవాటు. పెద్దవాళ్లు కొత్తవాళ్లకు నేర్పుతారు. కోచ్‌కు తెలుసు, కానీ అడగడు.

"పదీ చెప్పేశావనుకో, నిన్ను ఆక్స్‌ఫర్డ్‌కి పంపిస్తార్రా, ఆటకి కాదు," అనేవాడు గ్లెడ్‌హిల్. జట్టులో నోరున్నవాడు అతనే.

షాన్ ఓల్డ్‌రాయిడ్ ఆ జనవరిలో ఐదు చెప్పి ఆపేశాడు. పైకప్పు వంక చూస్తూ బుగ్గలు ఉబ్బించి, "అంతే డాక్టరమ్మా, నా బుర్రలో గది చిన్నది," అన్నాడు. ఇంటికి వెళ్లి భార్య జొయాన్ గుడ్లు వేపుతుంటే పదింటినీ వరసగా, తర్వాత వెనకనుంచి ముందుకూ అప్పజెప్పాడు. జొయాన్ నవ్వలేదు.

షాన్ మా ఊరి బొగ్గు గనిలో సమ్మె జరిగిన ఏడాది పుట్టాడు. నడక వచ్చేసరికి గని మూసేశారు, తండ్రికి పని పోయింది, మిగిలింది గనివాళ్ల ఆటస్థలం. ఆ బురదలోనే ఆట నేర్చుకున్నాడు. పదిహేడేళ్లప్పుడు నగరంలోని పెద్ద జట్టొకటి తీసుకుని, పరుగు చాలదని రెండేళ్లకు పంపించేసింది. తిరిగొచ్చి మా జట్టులో చేరాడు. పగలు రోడ్లకు తారు పోసేవాడు, సాయంత్రం సాధనకు వచ్చేవాడు. జట్టుకు నాలుగు డబ్బులు వచ్చాక తారు మానేసి పూర్తిగా ఆటలోనే ఉండిపోయాడు.

అతను ఆడేది ప్రాప్. ముందు వరసలో నిలబడి, బంతి చంకన పెట్టుకుని, కాచుకుని ఉన్న ముగ్గురి మీదికి నేరుగా వెళ్లిపడటం ప్రాప్ పని. పడ్డాక లేచి మళ్లీ వెళ్లాలి. అతను అలా దారి చేస్తే పక్కనుంచి పరుగెత్తినవాడు స్కోరు చేసేవాడు, పేపర్లో వాడి ఫొటో వచ్చేది. షాన్ ముక్కు రెండు వైపులకూ వంగింది. భుజంలో ఇనుప ముక్క ఉంది. పై డివిజన్‌లో ఒక్కసారి కూడా ఆడలేదు. అతని తండ్రి కాలం తర్వాత మా ఊరి జట్టే పై డివిజన్ మొహం చూడలేదు.

ఆ ఏడు చూసేలా ఉంది. ఇంకొక్క ఆట గెలిస్తే పైకి వెళ్తాం. ఆ ఆటకు ముందు ఆదివారం, సెమీఫైనల్లో, షాన్ ఒకడిని పట్టుకోబోయి వాడి తుంటి ఎముకకు తల కొట్టుకున్నాడు. పడి, తనంతట తనే లేచాడు. లేచి వెళ్లి అవతలి జట్టు వరసలో నిలబడ్డాడు. జనం విరగబడి నవ్వారు. అవతలి వరసలోని ఒక కుర్రాడు నవ్వకుండా అతని భుజం పట్టుకుని, డాక్టర్ కోసం చెయ్యి ఊపాడు.

పరీక్ష గురువారం పెట్టారు. అందులో గట్టెక్కితే ఆదివారం ఆడొచ్చు, లేకపోతే లేదు.

మంగళవారం షాన్ వీధిలోని కొట్టునుంచి వేడి చిప్స్ తెస్తానని వెళ్లి, చాలాసేపటికి వట్టి చేతులతో వచ్చాడు.

"కొట్టు మూసేశారు," అన్నాడు.

"నేనిప్పుడే దాని ముందునుంచే వచ్చాను షాన్. తెరిచే ఉంది, వీధి చివరిదాకా వేపుడు వాసన," అంది జొయాన్.

అతను కుర్చీలో కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. "ఒక్క ఆదివారం, జో. ఇదొక్కటే. తర్వాత నువ్వేం చెప్తే అది వింటా."

"తర్వాత నేను చెప్పింది నీకు గుర్తుంటుందా?"

"పరీక్ష ఉందిగా. బాగోలేకపోతే ఆమే ఆపేస్తుంది."

"ఎలా ఆపుతుంది? నువ్వు ఐదుకి మించి చెప్పలేవని కదా ఆవిడ నమ్మకం? నిద్రలో లేపినా ఐదు చెప్తావు. ఆవిడ నిన్ను పంపించేస్తుంది. నా భయమంతా అదే."

ఇదంతా తర్వాత జొయానే మాకు చెప్పింది. గురువారం కారు తనే నడిపి అతన్ని మైదానానికి తీసుకొచ్చింది.

డాక్టర్ గది ప్రేక్షకులు కూర్చునే స్టాండ్ కింద ఉంటుంది. ఆమె పేరు మీర్జా, బ్రాడ్‌ఫర్డ్ నగరం మనిషి. మెల్లగా, అన్ని మాటలకూ ఒకే గొంతుతో చదువుతుంది. షాన్ ముందే ఒక లెక్క వేసుకుని వెళ్లాడు. పదీ మనసులో పెట్టుకోవాలి, ఆరు పైకి చెప్పాలి. మరీ ఎక్కువ చెప్తే అనుమానం వస్తుంది.

ఆమె ఈసారి వేరే పది మాటలు చదివింది. ఒంటికాలి మీద నిలబడమంది, నిలబడ్డాడు. నెలల పేర్లు డిసెంబర్ నుంచి వెనక్కి చెప్పమంది, ఎక్కడా తప్పలేదు. ధైర్యం వచ్చింది.

"ఇప్పుడు ఇందాకటి మాటలు చెప్పండి, షాన్."

"గొడుగు. వంతెన. ఉప్పు. గుర్రం."

ఆగాడు. ఆగడం నటన అని ఆమె అనుకోదు కదా అని ఒక్క క్షణం అనిపించిందట. తర్వాత అతనికే తెలిసింది, అది నటన కాదని.

"గంట," అన్నాడు.

ఇంకా వెతికాడు. పక్క గదిలో నీళ్ల గొట్టం చప్పుడు వినిపిస్తోంది గానీ మాట ఒక్కటీ దొరకలేదు.

డాక్టర్ పాత కాగితం తిప్పి చూసింది. "ఐదు. జనవరిలోనూ ఐదే. నిలబడటం బాగుంది, నెలలూ బాగున్నాయి. మీరు ఆదివారం ఆడొచ్చు."

అతను లేవలేదు.

"ఇంకేమైనా ఉందా?"

ఉంది. అది చెప్తే ఆదివారం పోతుంది. చెప్పకుండా లేచి తలుపు దాకా నడిస్తే చాలు, పదహారేళ్లుగా ఎదురుచూసిన ఆట చేతికొస్తుంది. షాన్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"జనవరిలో నాకు పదీ తెలుసు డాక్టరమ్మా."

ఆమె తలెత్తింది. "ఈరోజో?"

"ఈరోజు నిజంగానే వెతికా."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఇలా ఇంకెంతమంది చేస్తారు?"

"నా సంగతే నాకు తెలుసు."

ఆమె గట్టిగా అడగలేదు. "కోచ్‌తో నేనే ఆపానని చెప్తాను. మీరేం మాట్లాడక్కర్లేదు."

"వద్దు. ఆదివారం ఓడితే ఊరంతా మిమ్మల్ని తిడుతుంది. నేనే చెప్తా."

జట్టు బట్టలు ఉతికి మడతపెట్టే పని నాది. అతను డ్రెస్సింగ్ రూమ్‌లోకి వచ్చేసరికి సాక్సులు జతలు కలుపుతున్నాను. అందరూ సాధనకు తయారవుతున్నారు. కోచ్ కెన్ తలుపు దగ్గరే ఉన్నాడు.

"ఏమందిరా?"

"ఆడొచ్చంది."

గదంతా అరుపులు. గ్లెడ్‌హిల్ బెంచీ మీద బూటుతో దరువు వేశాడు. "ముసలి గుర్రానికి ఇంకో పరుగుంది మామా! ఎన్నొచ్చాయి?"

"ఐదు."

"భేష్! జనవరిలో ఎన్నో అన్నే. వీడు మొద్దుతనంలో కూడా నిలకడ తప్పడు."

"ఈసారి కావాలని తగ్గించలేదు గ్లెడ్," అన్నాడు షాన్. "ఎంత గింజుకున్నా అంతే వచ్చాయి."

బయటివాళ్లకైతే ఆ మాటకు అర్థం చెప్పాల్సి వచ్చేది. ఆ గదిలో అక్కర్లేదు. దరువు ఆగిపోయింది.

"నేను ఆడను, కెన్."

కోచ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బాగా ఆలోచించుకో. ఇలాంటి ఆట నీకు మళ్లీ రాదు."

"ఆలోచించాకే ఆవిడకి చెప్పేశా."

కోచ్ మొహం ఎర్రబడింది. బెంచీ చివర కూర్చున్న మరో ప్రాప్‌ను పేరు పెట్టి పిలిచి, పదండి బయటికి అని అరిచాడు. ఎవరూ వెంటనే లేవలేదు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఒకరిద్దరు వెళ్తూ షాన్ భుజం తట్టారు. ఒకడు అతని వంక చూడకుండా పోయాడు.

గ్లెడ్‌హిల్ మాత్రం కూర్చునే ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏంట్రా గొణుగుతున్నావు?" అన్నాడు కోచ్ తలుపు దగ్గర్నుంచి.

"ఏం లేదు. వస్తున్నా."

కోచ్ వెళ్లిపోయాడు. గ్లెడ్‌హిల్ మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. "డిసెంబర్, నవంబర్, అక్టోబర్..." ఆగస్టు దగ్గర ఆగి, తర్వాతిది దొరక్క నేల వంక చూశాడు.

షాన్ నా సాక్సుల కుప్ప పక్కకు జరిపి అతని దగ్గర కూర్చున్నాడు. "మెల్లగా చెప్పు," అన్నాడు. "తొందరేం లేదు."

గ్లెడ్‌హిల్ మళ్లీ డిసెంబర్ అన్నాడు.