తనుశ్రీ కుడిచెవి

హైమావతి తండ్రి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి పటాన్‌చెరు వచ్చి స్థిరపడ్డాడు. ఆమె పుట్టిందీ చదివిందీ ఇక్కడే. అయినా చిట్కుల్ దగ్గర తను ఒకటో తరగతి చెప్పే చిన్న బడిలో, పిల్లల తల్లులకు ఇప్పటికీ ఆమె ‘ఆంధ్ర టీచరమ్మే’. అందుకే ఏ మాటైనా ఆచితూచి మాట్లాడేది.

ఆ ఏడు బడికి చదవడం నేర్పే కంప్యూటర్లు వచ్చాయి. హెడ్‌ఫోన్‌లో ఒక గొంతు ‘పలక’ అంటే, పిల్లలు తెర మీద పలక బొమ్మ నొక్కాలి. తర్వాత ఆ మాటకు అక్షరాలు పేర్చాలి. తనుశ్రీకి ఆ ఆటంటే ప్రాణం. అలాంటి పిల్ల ఆ రోజు వరసగా అన్నీ తప్పులే నొక్కింది.

“ధ్యాస ఎక్కడుంది తనూ?” అని హైమావతి కసిరింది.

పిల్లకు ఏడుపొచ్చింది. “ఇది మాట్లాడ్తనే లేదు టీచర్!”

హైమావతి హెడ్‌ఫోన్ తీసుకుని తను పెట్టుకుని చూసింది. ఎడమవైపు పాడైంది కానీ కుడివైపు చక్కగా వినిపిస్తోంది. తిరగేసి మళ్లీ పిల్లకు పెట్టింది. ఈసారి తనుశ్రీ టకటకా అన్నీ సరిగ్గా నొక్కేసింది. హైమావతికి అనుమానం వచ్చింది. హెడ్‌ఫోన్ తీసేసి, పిల్ల ఎడమచెవి మూసి, కుడివైపు నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచింది. తనుశ్రీ తెర వంకే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి తల్లి అరుణ వచ్చింది. కాజీపల్లిలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. హైమావతి పక్కకు పిలిచి విషయం చెప్పింది.

“ఏందీ? నా బిడ్డ చెవిటిదా?” అరుణ గొంతు పెద్దదైంది. గేటు దగ్గరున్న తల్లులంతా తిరిగి చూశారు. “మీ మిషన్ ఖరాబైతే నా పిల్లకు వంక పెడ్తరా?”

మర్నాటి నుంచి తనుశ్రీ బడికి రాలేదు. హైమావతికి నిద్ర కరువైంది. చూసిందల్లా ఒక్కసారి. తను పొరబడి ఉంటే? పొరబడకపోతే? ఆగలేక ఒక సెలవు రోజున వాళ్లింటికి వెళ్లింది.

అరుణ అత్త నర్సింహమ్మ గడప దాటనివ్వలేదు. “ఇంకోపారి గా మాట అన్నవంటే మంచిగుండదు, టీచరమ్మా.”

తనుశ్రీ ఇంటి ముందు సందులో కూర్చుని సుద్దముక్కతో గీస్తోంది. అంతలో పిల్లకు కుడివైపు నుంచి నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తూ హారన్ కొట్టింది.

“లే బిడ్డా! జరుగు!” నర్సింహమ్మ అరిచింది.

పిల్ల లేచింది. ఏ చప్పుడైనా ఎడమవైపు నుంచే వచ్చినట్టుంటుంది ఆ చెవులకు. అందుకని కుడివైపుకు, నేరుగా ట్యాంకర్ మీదికే పరుగెత్తింది. హైమావతి ఒక్క దూకు దూకి జబ్బ పట్టి లాగింది. ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. ట్యాంకర్ వాళ్లను రాసుకుంటూ వెళ్లి ఆగింది.

నర్సింహమ్మ అరుగు దిగి వచ్చింది. “అటెందుకు ఉరికినవే?” అని అడిగి, పిల్ల కుడిచెవి వంక చూసింది. లోపలి నుంచి అరుణ పరుగున వచ్చి పిల్లను గుండెకు హత్తుకుంది.

అరుణ తల దించుకునే అంది. “చిన్నప్పుడు జొరమొచ్చి గా చెవిల చీము కారుతుండె, టీచర్. నూనె పోసిన. తక్కువైందనే అనుకున్న.”

మరుసటి రోజు అరుణ, హైమావతి పిల్లను తీసుకుని సంగారెడ్డి ఆసుపత్రికి వెళ్లారు. డాక్టర్ చాలాసేపు పరీక్షించాడు. కుడిచెవిలో కర్ణభేరికి చిల్లు పడింది, లోపల ఇంకా చీముంది. ముందు మందులతో అది ఎండాలి, తర్వాత ఆపరేషన్. వినికిడి ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఎడమచెవి బాగానే ఉంది, దాన్ని జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

బయటికొచ్చి అరుణ భర్తకు ఫోన్ కలిపింది. అవతల అతను “హలో, హలో” అంటున్నాడు. ఫోన్ హైమావతి చేతిలో పెట్టింది.

“మీరే చెప్పుండ్రి, టీచర్.”