పెద్దదానికేం తక్కువ

నిరోషది చిన్నప్పటి నుంచీ భారీ విగ్రహం. ఆమె ఎక్కితే ఆటో నిండినట్టేనని కంఠేశ్వర్‌లో పుట్టింటి వాడకట్టంతా వేళాకోళం చేసేది. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది. నవ్వకపోతే ఇంకా లావుగా కనిపిస్తానేమోనని భయం.

చెల్లెలు అంకిత చీపురుపుల్ల. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి కడుపుతో ఉండి, ఏడో నెలకే కాన్పుకని తల్లి పెంటవ్వ దగ్గరికి చేరారు. నిరోషకు కడుపుమంట అక్కడే మొదలైంది. పెంటవ్వకు కళ్ళు రెండున్నా చూపు మాత్రం చిన్నదాని మీదే. ఊదితే ఎగిరిపోయేలా ఉంది, ఎట్లా గట్టెక్కుతుందోనని ఒకటే దిగులు. రక్తం పడుతుందని మేక కారిజం, అంటే కాలేయం, తెచ్చినా, దానిమ్మపండు ఒలిచినా అంకితకే. పెద్దదానికేం తక్కువ, దిట్టంగా ఉందని ఒక్కమాటతో తేల్చేసేది.

కారిజం వేయించే పని మాత్రం నిరోషదే. పొయ్యి దగ్గర నిలబడితే కళ్ళు తిరిగేవి, ఆయాసంతో గోడ పట్టుకునేది. ఇంత ఒళ్ళు పెట్టుకుంటే ఆయాసం రాక ఏమొస్తుందని తల్లి సాధించేది. చెల్లెలి గిన్నెలో ముక్క చూసినప్పుడల్లా తన నోటి దగ్గరిది లాక్కున్నట్టే ఉండేది. కడుపుతో ఉన్న చెల్లెలి మీద ఈ ఏడుపేమిటని తనను తాను తిట్టుకునేది, తిట్టుకుని మళ్ళీ కుళ్ళుకునేది. అంకిత మంచిదే, నువ్వూ తినక్కా అంటూ గిన్నె జరిపేది. దాంతో ఇంకా మండేది. తల్లి తన చేత్తో పెడితేనే తినాలని నిరోష పంతం.

ఎవరూ లేనప్పుడు సంచిలో చెయ్యిపెట్టి గుప్పెడు పచ్చి బియ్యం బుక్కేది. ఎందుకో తెలియదు, నోరు ఆగేది కాదు. ఒకసారి పెంటవ్వ చూసి, ఉన్న ఒళ్ళు చాలదా అంది. ఆ మాటకు నిరోష రెండు పూటలు అన్నం ముట్టలేదు. లావుపాటి మనిషి పస్తుంటే ఎవరికి తెలుస్తుంది?

ఎనిమిదో నెలలో సర్కారు దవాఖానలో ఇద్దరికీ రక్తం తీశారు. పరీక్ష అయ్యాక నర్సు వచ్చి నిరోష కంటిరెప్పలు కిందికి లాగి చూసింది. బియ్యం, సుద్ద లాంటివేమైనా తింటున్నావా అని అడిగింది. దొంగతనం బయటపడ్డట్టు నిరోష తల దించుకుంది. అంకితకు రక్తం బాగానే ఉందట. నిరోషకే ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదట, పచ్చి బియ్యం మీదికి నోరు పోయేది అందుకేనట. ఇట్లాగే నొప్పులొస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఇప్పుడే చేర్చుకుని రక్తం ఎక్కించాలంది నర్సు.

పెంటవ్వ నమ్మలేదు. అంకిత చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"గట్లెట్లయితదమ్మా? సీసలు తారుమారైనయేమో. పుల్ల లెక్క ఉన్నది గిది. రక్తం లేనిది గిదే అయ్యుంటది, మల్ల సూడుండ్రి" అని వాదానికి దిగింది.

నిరోష లేవబోయి బల్ల మీద కూలబడింది. అక్కడి నుంచే తల్లిని నిలదీసింది.

"అన్నీ దానికే పెడితివి అవ్వా. నా రోగం సుత దానికే ఇస్తవా?"

పెంటవ్వ అంకిత చెయ్యి వదిలేసింది.