ఒంటికాలి మీద పదిసార్లు

సెల్‌ఫోన్లు ఇంకా మా శింగనమల వైపు రాని రోజులు. వేరుశనగ కల్లంలో, చేత చెక్కలు వాయిస్తూ ఆడే మా చెక్కభజన సాధన జరుగుతోంది. చుట్టూ పద్దెనిమిది మంది, మధ్యలో గురువుగా నేను. మునివేళ్ల మీద లేచి మూడు చుట్లు తిరిగే అడుగు దగ్గర నా ఎడమ చీలమండలో టప్పుమంది. ఆ చప్పుడు ఎక్కడో దూరాన ఉన్న బత్తలపల్లె బస్టాండులో కూడా వినపడిందని ఇప్పటికీ చెబుతుంటాను. పక్కనున్నవాళ్లకు మాత్రం వినపడలేదట.

అరగంటలో చీలమండ గుమ్మడికాయంత అయ్యింది. అనంతపురంలో ఎక్స్‌రే తీశారు. నా ఎముకల అందాన్ని డాక్టర్ పొగుడుతారేమో అని చూశాను.

"ఎముక బాగుంది. లిగమెంట్ చినిగింది. మూడు వారాలు కట్టు, తర్వాత ఫిజియోథెరపీ. ఎడమకాలి ఒక్కదాని మీద, మునివేళ్లతో పదిసార్లు లేచి దిగితే ఆడొచ్చు. లేకపోతే లేదు."

నవ్వుతూనే బయటికి వచ్చాను గానీ మెట్ల మీదే ఆ మూడు చుట్ల అడుగు గుర్తొచ్చింది. ఆ అడుగు మా నాయన నేర్పింది. జట్టులో ఇంకెవరికీ పట్టుబడలేదు. నేను ఆగితే అదీ ఆగుతుంది.

కట్టు విప్పాక ఫిజియోథెరపీ మేడం మూడు పనులు చెప్పింది. కాలివేళ్లతో తువ్వాలు ముడవాలి. రబ్బరు పట్టీని పాదంతో లాగాలి. గోడ పట్టుకుని మడమలెత్తాలి, నిదానంగా. మొదటి వారానికే మా ఇంట్లో మొహం తుడుచుకోవడానికి తువ్వాలు మిగల్లేదు.

నేను చేసిన తప్పు భజనవాడు తప్ప ఇంకెవరూ చేయరు. మడమలెత్తడానికి చేతిలో చెక్కలు పట్టుకున్నాను, తాళం కోసం. మా భజనలో ఏ పాటైనా నిదానంగా మొదలై చివరికి ఉరుకు అందుకుంటుంది. ఉరుకు లేకుండా ఆపడం మాకు సగం అన్నంలో లేచిపోవడమే. ఐదోవారం ఇరవైసార్లు మడమలెత్తాను. చివరి పది గుర్రం లెక్కన. కాలు మెలిపడి గోడ కింద కూలబడ్డాను. మళ్లీ వాపు. ఆ రోజు ఒక్క జోకూ రాలేదు.

డాక్టర్ చీలమండ నొక్కి చూశారు. "ఇంకొకసారి ఇట్లయితే ఆపరేషనే. ఆ తర్వాత కూడా ఆ అడుగుకు నేను గ్యారంటీ ఇయ్యలేను."

ఎట్లా చేశానో చూపమంది మేడం. చూపాను. ఆమె చెక్కలు లాక్కుని, నా వెంట వచ్చిన మా ఆవిడ ఓబులమ్మ చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చాక ఓబులమ్మ వాటిని బియ్యం డబ్బాలో వేసి మూతపెట్టింది. "నువ్వు లెక్కపెట్టొద్దు. నేను పాడతా. నా పాటకు లెయ్, నా పాటకు దిగు."

ఆమె మంగళహారతి అంత నిదానమైన పాట భూమ్మీద లేదు. ఒక చరణం ముగిసేలోపు కర్పూరం రెండుసార్లు ఆరిపోతుంది. మా జిల్లాలో వానంటూ ఉంటే, అదీ వచ్చి వెలిసేది. ఒక చరణానికి లేవడం, ఒక చరణానికి దిగడం. పిక్కల్లో మంట పుట్టేది. రెండు నెలలు అదే పాట.

పరీక్ష రోజు డాక్టర్ గదిలో గోడకు ఒక వేలు మాత్రం ఆనించి మొదలుపెట్టాను. ఆరు దాకా బాగానే ఉంది. ఏడులో కాలు వణికింది. త్వరగా ముగించేద్దామని మడమ తొందరపడింది.

తలుపు దగ్గరి నుంచి ఓబులమ్మ అంది. "ఉరికితే ఈడనే వదిలి బస్సెక్కుతా."

అని, డాక్టర్ ఉన్నారని కూడా చూడకుండా పాట అందుకుంది. ఎనిమిది. తొమ్మిది. పదోసారి నేను పైన ఉండగా చివరి అక్షరాన్ని కావాలనే సాగదీసింది. అది ఇప్పటికీ పూర్తికాలేదని నా అనుమానం. డాక్టర్ నా మొహం వైపు కాదు, మడమ వైపే చూస్తున్నారు. అది నిదానంగా నేలకు ఆనింది.

"ఆడుకోపో అన్నా," అన్నారు.

ఇప్పుడు మూడు చుట్లు తిరగను, ఒక్కటే. మిగతా రెండు చుట్లూ జట్టులో ఇద్దరికి చెరొకటి, ఓబులమ్మ పాట నిదానంలోనే నేర్పాను. గజ్జెలు కట్టేముందు అందరం గోడ పట్టుకుని మడమలెత్తుతాం. పాడేది ఓబులమ్మే.

కాలు దెబ్బతిన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వ్యాయామం చేసేటప్పుడు లెక్క మీరు పెట్టుకోకండి. మీ ఇంట్లో తొందర లేని మనిషికి అప్పగించండి.